అబ్బీ రోడ్ అట్ట ఫొటోని అదే జీబ్రా క్రాసింగ్ మీద మళ్ళీ తీయాలంటే: లెన్సు, ఎత్తు, ఎండ, అడుగులు

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బ్రిటన్ సంగీత బృందం బీటిల్స్ నలుగురూ వరసగా రోడ్డు దాటుతున్న ‘అబ్బీ రోడ్’ ఆల్బమ్ అట్ట మీది ఫొటోని లండన్‌లో అదే జీబ్రా క్రాసింగ్ మీద మళ్ళీ తీయాలి. నడిచేవాళ్ళు నలుగురు, తీసేవాళ్ళు ఒకరు, సాయానికి ఇంకొకరు ఉంటారు. బర్మింగ్‌హామ్ నుంచి ఆగస్టు మొదటి పక్షంలో ఏదో ఒక రోజు వెళ్ళి రావాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సారు 36×24 మిల్లీమీటర్లు), 16-35 మిల్లీమీటర్ల జూమ్ ఉన్నాయి. ఫోన్లు ఎలాగూ ఉంటాయి.

ఊరికే నలుగురు రోడ్డు దాటుతున్న ఫొటో అక్కర్లేదు. పక్కన అసలు అట్ట పెట్టి చూసినా కోణం, దూరం, మనుషుల మధ్య ఎడం సరిపోవాలి. అడగాల్సినవి ఇవి. లెన్సు 28 అని ఒకరు, 35 అని ఒకరు రాస్తున్నారు, ఏది నమ్మాలి? అసలు ఫొటో ఎఫ్/22 (లెన్సు రంధ్రం), 1/500 సెకను (షట్టర్) దగ్గర తీశారని అన్నిచోట్లా ఉంది, మనమూ అలాగే పెట్టాలా? అప్పట్లో ఒక పోలీసు రోడ్డు మీది బండ్లని ఆపితే ఫొటోగ్రాఫర్ నిచ్చెన ఎక్కి తీశాడు. ఇప్పుడు ఆ ఎత్తు ఎలా వస్తుంది? ఏ వేళకి వెళ్ళాలి? అడుగులు కలవడానికి ఏమైనా పద్ధతి ఉందా?

---

మిల్లీమీటర్

గోదారిగట్టు గారూ, బట్టల మీద, విగ్గుల మీద బోలెడు ఖర్చుపెట్టి, కెమెరాని మాత్రం తోచిన చోట పెట్టడం వల్లే ఇలాంటి ఫొటోలు తేలిపోతాయి. కెమెరా ఉన్న చోటు సరిగ్గా కుదిరితే, నలుగురూ టీషర్టుల్లో ఉన్నా చూసినవాళ్ళు ఇట్టే గుర్తుపడతారు. అందుకని ముందు లెక్క తేల్చుకుందాం.

ఫొటో తీసింది ఇయన్ మెక్‌మిలన్, 1969 ఆగస్టు 8న. కెమెరా హాసెల్‌బ్లాడ్, లెన్సు 50 మిల్లీమీటర్లు. ఆ కెమెరా ఫిల్ము చదరం, ఒక్కో పక్క సుమారు 56 మిల్లీమీటర్లు. 28 అనేవాళ్ళు మూలల మధ్య కొలతలు పోల్చి చెబుతారు, 35 అనేవాళ్ళు అడ్డం కొలతని బట్టి సుమారుగా చెబుతారు. మీకు కావలసింది చదరపు ఫొటో కాబట్టి రెండూ పనికిరావు. ఫుల్‌ఫ్రేమ్‌లో తీసి చదరంగా కత్తిరిస్తే మిగిలేది 24 మిల్లీమీటర్ల పక్క. 50 ని 24 తో గుణించి 56 తో భాగించండి, 21.4 వస్తుంది. మీ జూమ్‌ని 21 దగ్గర పెట్టండి. అంతకంటే చిన్న సెన్సారున్న ఏపీఎస్-సీ కెమెరా వాడేవాళ్ళకి ఇదే లెక్కన సుమారు 14 వస్తుంది.

ఫోన్ వాడినా తీసిపోదు. 24 అని చెప్పే మామూలు మెయిన్ కెమెరాతో 4:3 ఫొటో తీసి చదరంగా కత్తిరిస్తే దాదాపు 57 డిగ్రీల కోణం వస్తుంది. అసలు లెన్సుది 58 డిగ్రీల పైచిలుకు. కంటికి తేడా తెలియదు. 0.5 అల్ట్రావైడ్ మాత్రం ముట్టుకోకండి. అంచుల్లో ఉన్న ఇద్దరూ పక్కలకి సాగిపోతారు, వెనక చెట్లు చిన్నవైపోతాయి.

ఇక దూరం. ఈ లెన్సుకి ఎంత దూరంలో ఉంటే దానికి 1.12 రెట్లు ఫ్రేమ్‌లో పడుతుంది. అట్టని పెద్దగా ప్రింట్ తీసి, స్కేలుతో ఒక మనిషి తల నుంచి మడమ దాకా కొలిచి, అట్ట పక్కతో భాగించండి. ఉదాహరణకి 0.35 వచ్చిందనుకోండి. మనిషి 1.75 మీటర్లయితే ఫ్రేమ్ ఎత్తు 5 మీటర్లు, దాన్ని 1.12 తో భాగిస్తే నాలుగున్నర మీటర్లు. నడిచే గీత నుంచి కెమెరాకి ఉండాల్సిన దూరం అది. పది మీటర్ల వెనక నిలబడి జూమ్ చేస్తే మనుషులు అదే సైజులో వస్తారు కానీ, వెనక రోడ్డు, చెట్లు, ఇళ్ళు ముందుకు వచ్చి మీద పడ్డట్టు ఉంటాయి. జనం ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఎత్తు కూడా ఫొటోలోంచే తీయొచ్చు. ప్రింటు మీద రోడ్డు రెండు అంచుల వెంటా గీతలు గీయండి. అవి కలిసే చోట అడ్డంగా ఇంకో గీత గీయండి. ఒక మనిషి మడమ నుంచి ఆ అడ్డగీతకి ఎంత ఉందో, మడమ నుంచి నడినెత్తికి ఎంత ఉందో కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చిన అంకెని మనిషి ఎత్తుతో గుణిస్తే లెన్సు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. నిష్పత్తి 1.2 అయితే 2.1 మీటర్లు. రోడ్డు వాలు వల్ల కాస్త తేడా ఉండొచ్చు, ఒక జాన ఎక్కువ తక్కువైనా ఫరవాలేదు.

ఆ ఎత్తుకి నిచ్చెన అవసరం లేదు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) పూర్తిగా చాపి, కింది కొసని ఛాతీ దగ్గర పట్టుకుని నిలువుగా ఎత్తితే రెండున్నర మీటర్ల దాకా వస్తుంది. కెమెరా బరువుకి చేతులు వణుకుతాయి కాబట్టి తేలికైన లెన్సు పెట్టండి, లేదా ఫోన్‌తోనే తీయండి. బ్లూటూత్ రిమోట్ తప్పనిసరి. ఒక ముఖ్యమైన సంగతి: కెమెరాని నిలువుగా తిప్పి, ముందుకు వంచకుండా తిన్నగా పట్టుకోండి. కిందికి వంచితే ఇళ్ళ గోడలు, స్తంభాలు బయటికి వాలిపోతాయి. నిలువు ఫొటోలో పైనా కిందా అదనంగా జాగా ఉంటుంది కదా, చదరాన్ని తర్వాత కిందికో పైకో జరుపుకోవచ్చు.

అక్కడికక్కడే సరిచూసుకోవడానికి చౌకైన ఉపాయం ఒకటుంది. అట్ట బొమ్మని కెమెరా తెర మీద పడే చదరం సైజులో పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద ప్రింట్ తీయించి, తెర మీద టేపుతో అంటించండి. మూడు అంగుళాల తెరకి చదరం 42 మిల్లీమీటర్లు ఉంటుంది. రోడ్డు అంచులు కలిసే బిందువు, ఎడమ చేతి గోడ గీత, చారల వాలు ఈ మూడూ కలిస్తే చాలు. చెట్లతో కలపాలని చూడకండి, అప్పటికీ ఇప్పటికీ అవి బాగా పెరిగాయి.

---

పగటివెలుగు

వెలుతురు సంగతి నేను చెబుతా.

అసలు ఫొటో ఉదయం దాదాపు 11:35కి తీశారు. లండన్ అక్షాంశానికి ఆగస్టు 8న ఆ వేళకి లెక్కవేస్తే సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులో, ఆగ్నేయంలో ఉంటాడు. కెమెరా చూసేది వాయవ్యానికి. అంటే ఎండ సరిగ్గా ఫొటోగ్రాఫర్ వీపు మీద పడుతోంది, నీడలు మనుషుల వెనక్కి పోతున్నాయి. ఆగస్టు 1 నుంచి 15 లోపు ఏ రోజు వెళ్ళినా ఎత్తులో తేడా రెండు డిగ్రీలే. కాబట్టి 11:15కీ 12కీ మధ్య తీస్తే వెలుతురు దానంతటదే కుదురుతుంది.

మధ్యాహ్నం మూడు దాటితే ఎండ ఎడమ నుంచి వచ్చి నీడలు కుడికి చాస్తుంది. సాయంత్రం అయితే సూర్యుడు నేరుగా లెన్సులోకే వస్తాడు, అప్పుడు వెళ్ళి లాభం లేదు. తెల్లారి ఏడింటికి వెళ్తే రోడ్డు ఖాళీగా ఉంటుంది, నిజమే. కానీ ఎండ 12 డిగ్రీల ఎత్తులో తూర్పు నుంచి వస్తుంది, ఇళ్ళు, చెట్లు దాన్ని చాలావరకు అడ్డుకుంటాయి. పడ్డచోట నీడ మనిషికి ఐదింతలు సాగుతుంది. పొద్దున్నే తీయాలంటే పూర్తిగా మబ్బు పట్టిన రోజు చూసుకోండి. నీడలే ఉండవు కాబట్టి పోలికలో తేడా పట్టుకోలేరు. లండన్‌లో ఆగస్టులో మబ్బుకి కరువు లేదు.

ఒక హెచ్చరిక: ఆగస్టు 8న మాత్రం వెళ్ళకండి. ఆ తేదీకి అభిమానులు ప్రత్యేకంగా అక్కడికి చేరతారు. మీ నలుగురికి తోడు ఇంకో నలభై మంది ఫ్రేమ్‌లో ఉంటారు. ఆగస్టు వీలుపడనివాళ్ళకి ఇంకో దారి ఉంది. మే 4, 5 తేదీల్లో సూర్యుడి దారి ఇదే. అప్పుడు ఓ తొమ్మిది నిమిషాలు ముందు, అంటే 11:26 ప్రాంతంలో తీస్తే ఎండ అదే కోణంలో పడుతుంది.

ఎఫ్/22, 1/500 గురించి. ఫొటోగ్రఫీలో పాత సూత్రం ఒకటుంది కదా: నిండు ఎండలో ఎఫ్/16 పెడితే షట్టర్ వేగం ఫిల్ము వేగానికి (వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే ఐఎస్ఓ అంకెకి) సమానం. ఆ లెక్కన ఎఫ్/22, 1/500 కి ఐఎస్ఓ 1000 దాకా కావాలి. 1969లో మామూలుగా వాడే కలర్ ఫిల్ములు అంతకంటే చాలా నెమ్మదైనవి. ఫిల్మును డెవలప్ చేసేటప్పుడు గట్టిగా పుష్ చేసి (మామూలు కంటే ఎక్కువగా డెవలప్ చేసి) ఉంటే తప్ప ఆ రెండు అంకెలూ ఒకచోట ఇమడవు. ఐఎస్ఓ 100 పెట్టి ఆ అంకెలు దించేసుకుంటే ఫొటో మూడు స్టాపులకి పైగా (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం) చీకటైపోతుంది. పైగా ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్/22 పెడితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల ఫొటో మెత్తబడుతుంది.

మీరు ఎఫ్/8, 1/1000, ఐఎస్ఓ 200 పెట్టండి. మాన్యువల్‌లోనే. 21 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్/8 దగ్గర నాలుగున్నర మీటర్లకి ఫోకస్ చేస్తే, మీటరున్నర నుంచి చివరి చెట్టు దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. ఫోకస్ ఒకసారి పట్టాక మాన్యువల్‌కి మార్చి వదిలేయండి. ఆటో ఎక్స్‌పోజర్ వద్దు అనడానికి కారణం తెల్ల చారలు. మనుషులు వాటిని కప్పుతూ, వదులుతూ నడుస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో వెలుతురు వస్తుంది. ముందు నడిచే మనిషి తెల్ల సూటు మీద నేత మడతలు కనిపించాలి. అది తెల్లగా పేలిపోతే తర్వాత తెచ్చుకోలేం. వెనకాయన నల్ల సూటు మాత్రం రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) సులువుగా పైకి లేస్తుంది.

---

జూబిలీలైన్

దారి, రూల్సు చెబుతాను. లెన్సు కంటే ఇవే ముందు తెలియాలి.

దిగాల్సిన స్టేషన్ సెయింట్ జాన్స్ వుడ్, మెట్రోలో జూబిలీ లైన్ మీద. అక్కడి నుంచి గ్రోవ్ ఎండ్ రోడ్ మీదుగా నడిస్తే ఐదు నిమిషాల్లో క్రాసింగ్. మ్యాపులో ‘అబ్బీ రోడ్ స్టేషన్’ అని కొట్టకండి. ఆ పేరుతో డీఎల్ఆర్ (తేలికపాటి రైలు) స్టేషన్ ఒకటి తూర్పు లండన్‌లో వెస్ట్ హామ్ దగ్గర ఉంది, ఊరికి ఆ చివర. అక్కడ దిగి జీబ్రా క్రాసింగ్ కోసం వెతికేవాళ్ళు చాలామంది. బస్సులైతే 139, 189 ఆ రోడ్డు మీదుగానే పోతాయి. మీ ఫ్రేమ్‌కి అడ్డం వచ్చే ఎర్ర బస్సులూ అవే.

క్రాసింగ్‌కి 2010 డిసెంబరులో గ్రేడ్ 2 వారసత్వ కట్టడంగా రక్షణ ఇచ్చారు. కాబట్టి చారల మీద చాక్‌పీసుతో, టేపుతో గుర్తులు పెట్టడం లాంటివి చేయకండి. అది ఇప్పటికీ బండ్లు తిరిగే మామూలు రోడ్డే. జీబ్రా మీద కాలు పెడితే బండి ఆగాలి, నిజమే. కానీ పాదచారులు దాని మీద ఆగి కాలక్షేపం చేయకూడదని బ్రిటన్ హైవే కోడ్ చెబుతుంది. అంటే పోజు పెట్టి నిలబడటం కుదరదు, నడుస్తూనే ఉండాలి. అటూ ఇటూ ఉండే జిగ్‌జాగ్ గీతల మీద రోడ్డు దాటడం ప్రమాదమని కూడా అందులోనే ఉంది. మన ఫొటోగ్రాఫర్ నిలబడేది సరిగ్గా ఆ గీతల మధ్యలో.

బ్రిటన్‌లోనూ బండ్లు మనలాగే ఎడమ పక్కన పోతాయి. వాయవ్యానికి తిరిగి నిలబడ్డ ఫొటోగ్రాఫర్‌కి ఎదురుగా వచ్చేవి కుడి పక్కన కనిపిస్తాయి, ఎడమ పక్క బండ్లు మాత్రం వీపు వెనక నుంచి వస్తాయి. కంటికి కెమెరా పెట్టుకున్న మనిషికి అవి అసలు తెలియవు. అందుకే మీ ఆరో మనిషి పని ఫొటో చూడటం కాదు, పేవ్‌మెంట్ మీద నిలబడి వెనక్కే చూస్తూ ఉండటం. ‘ఖాళీ’ అంటే దిగాలి, ‘బండి’ అంటే ఫొటో పోయినా సరే పక్కకి వచ్చేయాలి. ఈ రెండు మాటలు తప్ప ఇంకేమీ అరవొద్దు. ఒక్కో దఫాకి రోడ్డు మధ్యలో పది సెకన్లు మించకూడదు. నిచ్చెన, స్టూలు, ట్రైపాడ్ ఏవీ రోడ్డు మీదకి తేవొద్దు, బండి వస్తే వాటిని తీసేంత టైము ఉండదు. ప్రకటన కోసమో, అమ్మకానికో తీసేవాళ్ళు ముందుగా వెస్ట్‌మిన్‌స్టర్ నగర పాలక సంస్థతో మాట్లాడుకోవాలి.

వారంలో ఏ రోజు అంటే, పగటివెలుగు గారు చెప్పిన 11:35 కావాలంటే ఆదివారం మేలు. వెళ్ళేముందు ఇంకో పని చేయండి. పక్కనే ఉన్న అబ్బీ రోడ్ రికార్డింగ్ స్టూడియో వాళ్ళు క్రాసింగ్ వైపు ఒక లైవ్ కెమెరా పెట్టారు, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎప్పుడైనా చూడొచ్చు. ముందు ఆదివారం అదే వేళకి ఓ అరగంట చూస్తే బండ్ల మధ్య ఖాళీ ఎంతసేపు దొరుకుతుందో, జనం ఎంతమంది ఉంటారో తెలిసిపోతుంది. ఇండియా నుంచి చూసేవాళ్ళకి ఆగస్టులో లండన్ 11:35 అంటే మనకి సాయంత్రం 4:05.

అక్కడ మీలాంటి బృందాలు ఇంకా ఉంటాయి. ఒకరు నడిచాక ఒకరు, వరస పాటిస్తే అందరి పనీ అవుతుంది. స్టూడియో గేటుకి అడ్డంగా నిలబడకండి.

---

గోదారిగట్టు

మిల్లీమీటర్ గారూ, పగటివెలుగు గారూ, జూబిలీలైన్ గారూ, ముగ్గురికీ ధన్యవాదాలు. 21 లెక్క ఇప్పుడు అర్థమైంది. నిచ్చెన ఆలోచన మానేశాం, మోనోపాడ్ మీద ఫోనే.

ఇక అడుగుల సంగతి. నలుగురం కలిసి నడిస్తే ఎవరో ఒకరి కాళ్ళు దగ్గరకి వచ్చేస్తున్నాయి. కాళ్ళు విచ్చుకున్న ‘వి’ ఆకారం ఒకేసారి నలుగురికీ రావడం లేదు. ఎవరు ఏ కాలు ముందు పెట్టాలో కూడా చెప్పగలరా?

---

కదంతాళం

అడుగుల దగ్గర మెక్‌మిలన్ పని కూడా అంత తేలిగ్గా కాలేదండీ. ఆయన తీసింది మొత్తం ఆరు ఫ్రేములు. మనుషులు అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ నడిచారు. అట్టకెక్కింది ఐదోది, అందులోనే నలుగురి కాళ్ళూ చక్కగా విచ్చుకున్నాయి కాబట్టి.

నడక ఎడమ నుంచి కుడికి. స్టూడియో ఎడమ పక్కన ఉంటుంది, అంటే దానికి దూరంగా నడుస్తున్నారు. ముందు తెల్ల సూటులో జాన్ లెనన్, వెనక నల్ల సూటులో రింగో స్టార్, ఆ వెనక చెప్పుల్లేకుండా పాల్ మెకార్ట్నీ, చివర డెనిమ్‌లో జార్జ్ హారిసన్. జాన్, రింగో, జార్జ్ ముగ్గురికీ ఎడమ కాలు ముందుంది. పాల్ ఒక్కడికే కుడి కాలు ముందు. కెమెరాకి కనిపించేది వాళ్ళ కుడి పక్క. కాబట్టి ముగ్గురికి అవతలి కాలు ముందు, పాల్‌కి ఇవతలి కాలు ముందు అని గుర్తుపెట్టుకుంటే ఫొటో చూసుకునేటప్పుడు తికమక ఉండదు. పాల్ కుడి చేతిలో సిగరెట్ ఉంటుంది. సుద్దముక్క పట్టుకుంటే చాలు.

కాళ్ళు కలవకపోవడానికి కారణం, నలుగురూ ఒకేసారి బయల్దేరాలనుకోవడం. క్రాసింగ్ పక్కన పేవ్‌మెంట్ మీద నలుగురు ఎడంగా నిలబడేంత జాగా లేదు. అందుకని ఇలా చేయండి. ముందు మనిషి ఎడమ కాలితో బయల్దేరాలి. అతను సరిగ్గా రెండు అడుగులు వేశాక రెండో మనిషి, అతనూ ఎడమ కాలితోనే. అలా ఒక్కొక్కరూ ముందువాడి రెండు అడుగుల తర్వాత, ముందువాడు బయల్దేరిన చోటు నుంచే మొదలుపెట్టాలి. రెండు అడుగులంటే ఒక జత కాబట్టి అందరి ఎడమ కాలూ ఒకేసారి ముందుకొస్తుంది, ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు. అడుగు 65 సెంటీమీటర్లయితే మనిషికీ మనిషికీ 1.3 మీటర్ల ఎడం వస్తుంది. మూడు ఎడాలు కలిపి 3.9, చివరల కాళ్ళు కలుపుకుంటే దాదాపు నాలుగున్నర మీటర్లు. మిల్లీమీటర్ గారి లెక్క ప్రకారం ఫ్రేమ్‌లో పట్టేది 5 మీటర్లు. అటూ ఇటూ పావు మీటరు మిగులుతుంది. బ్రిటన్‌లో జీబ్రా చార వెడల్పు సుమారు అర మీటరు నుంచి 70 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. కాబట్టి ఒక తెల్లచార, ఒక నల్లచార కలిపితే మీ ఎడానికి దగ్గరగానే ఉంటుంది. నడుస్తూ కిందికి చూడకుండానే, ముందువాడు వదిలిన తెల్లచార మీదకి తను వస్తున్నాడో లేదో ఎవరికి వారు తెలుసుకోవచ్చు.

పాల్ సంగతి వేరు. అతన్ని ఒక అడుగు ఆలస్యంగా పంపితే కాలు మారుతుంది కానీ ఎడం కూడా మారిపోయి, వెనక జార్జ్ మీదకి వచ్చేస్తాడు. అందుకని అతనూ అందరిలాగే బయల్దేరి, రెండో చార దగ్గర కదం మార్చాలి. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళకి ‘కదం బదల్’ తెలిసే ఉంటుంది: వెనక కాలిని ముందుకాలి మడమ దాకా తెచ్చి, మళ్ళీ ముందుకాలితోనే అడుగు వేయడం. ఎడం చెడదు, కాలు మారుతుంది. మీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళుంటే ఆ పాత్ర వాళ్ళకే ఇవ్వండి. బర్మింగ్‌హామ్‌లో ఏదైనా పార్కు దారిలో ముందే సాధన చేసుకోండి, క్రాసింగ్ మీద నేర్చుకునే వీలుండదు.

నడక వేగం సెకనుకి రెండు అడుగుల లోపే ఉంచండి. కాళ్ళు పూర్తిగా విచ్చుకునేది ముందు మడమ నేలకి తగిలే క్షణంలో. ఆ క్షణం ఎంతో సేపు ఉండదు. బర్స్ట్‌లో (బటన్ నొక్కిపట్టి వరసగా తీయడం) సెకనుకి పది ఫ్రేములు తీస్తే అడుగుకి ఐదు వస్తాయి, అందులో ఒకటో రెండో పనికొస్తాయి. జాన్ కుడి చివర పేవ్‌మెంట్‌కి దగ్గరవుతున్నప్పుడు కాదు, నలుగురూ ఫ్రేమ్ మధ్యకి వచ్చే ముందు నుంచే బర్స్ట్ మొదలుపెట్టాలి. అందరూ తల ఎత్తి ముందుకే చూడాలి. కెమెరా వైపు ఒక్కరు చూసినా ఆ ఫ్రేమ్ పోయినట్టే.

చెప్పుల్లేకుండా నడిచే మనిషి ఒకటి చూసుకోవాలి. ఆ రోడ్డు మీద గాజుపెంకులు, చిన్న రాళ్ళు ఉంటాయి, పాదం జంకుతూ పడితే అడుగు కురచై ‘వి’ మూసుకుపోతుంది. ముందు ఒకసారి చెప్పులతో దాటి, దారి చూసుకోండి. అసలు పాల్ కూడా మొదటి రెండు ఫ్రేముల్లో చెప్పులతోనే ఉన్నాడు.

---

చీకటిగది

తీశాక చేసే పని గురించి రెండు మాటలు.

నలుగురికీ ఒకే ఫ్రేమ్‌లో కుదరకపోతే దిగులు పడకండి. ఒకే బర్స్ట్‌లో పక్క ఫ్రేమ్ నుంచి ఒక మనిషి నడుము కింది భాగాన్ని తెచ్చి మాస్కు వేయొచ్చు. వేరే దఫా నుంచి తేవడం మాత్రం కష్టం, మోనోపాడ్ ఎత్తు ఒక జాన మారినా చారల వాలు కలవదు. నడక పూర్తయి నలుగురూ అవతలికి వెళ్ళగానే, మోనోపాడ్ దించకుండా ఖాళీ క్రాసింగ్‌ని ఇంకో నాలుగైదు ఫ్రేములు తీయమని ఫొటోగ్రాఫర్‌కి చెప్పండి. దూరంగా పేవ్‌మెంట్ మీద నడిచేవాళ్ళని తీసేయడానికి, కాళ్ళ చుట్టూ అతుకులు కప్పడానికి అవే దిక్కు. పది సెకన్లలోనే ఇదీ అయిపోవాలి.

జిగ్‌జాగ్ గీతలు బ్రిటన్‌లోకి వచ్చింది 1971లో. అసలు ఫొటోలో అవి లేవు, మీ ఫొటోలో ఉంటాయి. వాటిని చెరపాలంటే మామూలు క్లోన్ బ్రష్‌తో రుద్దితే తారు గరుకు దూరానికి తగ్గట్టు సన్నబడక మచ్చలా కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో వానిషింగ్ పాయింట్ ఫిల్టర్ తెరిచి, రోడ్డు మీద ముందు గ్రిడ్ పరిచి, దాని లోపల క్లోన్ చేయండి.

ఎడమ పక్కన తెల్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కావాలని చాలామంది ఆశపడతారు. ఎల్ఎండబ్ల్యూ 281ఎఫ్ అనే ఆ కారు నంబరు పలక ఫొటో వచ్చాక పదేపదే దొంగల పాలైంది. కారుని 1986లో వేలం వేశారు, తర్వాత జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ మ్యూజియానికి చేరింది. దాన్ని నెట్‌లోంచి తెచ్చి అతికిస్తే ఎండ దిశ ఎప్పుడూ కలవదు. నా మాట వినండి, ఇప్పుడు అక్కడ ఆగి ఉన్న కార్లని అలాగే ఉంచేయండి. చోటు అదే, కాలం వేరు అని తెలియడం ఈ ఫొటోకి బలమే.

రంగులకి ‘వింటేజ్’ ఫిల్టర్లు వేసి పసుపు చేయకండి. అట్ట మీద ఆకాశం నిజంగానే నీలంగా, చెట్లు పచ్చగా, తారు చల్లని బూడిద రంగులో ఉంటాయి. నీలాన్ని కాస్త తగ్గించి, నీడల్ని కొద్దిగా పైకెత్తి, సన్నటి గ్రెయిన్ వేస్తే చాలు. పేరు, అక్షరాలు ఏమీ రాయకండి. ఆ ముందు అట్ట మీద బృందం పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

---

మిల్లీమీటర్

చీకటిగది గారు కార్ల గురించి చెప్పినదానితో నేనూ ఏకీభవిస్తా. జిగ్‌జాగ్ గీతలు కూడా చెరపకపోతేనే బాగుంటుందని నా అభిప్రాయం. మీరు రెండు కాపీలు ఉంచుకోండి.

ఒకటి మర్చిపోయాను. ఫోన్‌లో గ్రిడ్‌తో పాటు లెవెల్ గీత కూడా ఆన్ చేసుకోండి. తల పైన ఉన్న తెర కింద నుంచి సరిగ్గా కనిపించదు. కాబట్టి ఇంకో ఫోన్‌లోనో, వాచీలోనో ప్రివ్యూ పెట్టుకుని, దాన్ని మోనోపాడ్‌కి రబ్బరు బ్యాండుతో కంటి ఎత్తులో కట్టుకోండి. హెచ్‌డీఆర్ ఆపగలిగితే ఆపండి. కొన్ని ఫోన్లు నాలుగైదు ఫ్రేములు కలిపి ఒకటి చేస్తాయి, కదిలే పాదాల చుట్టూ దెయ్యంలా రెండో అంచు వస్తుంది.

---

జూబిలీలైన్

వెనక అట్ట కూడా తీద్దామని ఎవరికైనా అనిపిస్తే ముందే చెబుతున్నా: దాని మీద కనిపించే, వీధి పేరు పలకలున్న గోడ ఇప్పుడు లేదు. అదే రోడ్డు మీద ఇంకా పైన అలెగ్జాండ్రా రోడ్ మూల దగ్గర ఉండేది, తర్వాత అక్కడ కొత్త ఇళ్ళ సముదాయం కట్టినప్పుడు పోయింది. దాని కోసం నడిచి టైము పోగొట్టుకోకండి. ఆ అరగంట కూడా క్రాసింగ్ దగ్గరే ఉంటే, బండ్ల మధ్య ఇంకో రెండు మూడు మంచి ఖాళీలు దొరుకుతాయి.